మా అత్త మెడా, నా మెడా

ఆ ఏడు గోగు బాగా పండింది. వానలు వేళకు పడ్డాయి. మెట్ట మీద మొక్కలు మనిషిని మించి ఎదిగాయి. చీపురుపల్లి నుంచి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం మా ఊరు. మా ఊరంటే అత్తవారి ఊరు. అరవైల చివరి సంవత్సరాలవి. నేను కాపురానికి వచ్చి రెండేళ్లు కూడా కాలేదు. ఇంట్లో ముగ్గురమే ఉండేవాళ్లం. మా అత్త, మా బావ, నేను. మా వైపు మొగుణ్ని బావా అనే పిలుస్తాం. మామ నా పెళ్లికి ముందే పోయాడు.

గోగు కోసి, కట్టలు కట్టి నీళ్లలో ముంచి ఉంచితే కొన్నాళ్లకు బెరడు కుళ్లి నార ఊడి వస్తుంది. ఆ నారను నీళ్లలోనే జాడించి, మోపులు కట్టి, ఆరేసే చోటికి ఆడవాళ్లం నెత్తిన మోసుకెళ్లేవాళ్లం. తడినార బరువు మోసినవాళ్లకే తెలుస్తుంది. దాని నీళ్లు మెడ వెంబడి కారి వీపులోకి దిగేవి. ఆ కంపు ఎన్ని ఉతుకులు ఉతికినా చీరల్ని వదిలేది కాదు. ఇప్పుడు ఎక్కడైనా అలాంటి వాసన తగిలితే అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఇరవయ్యేళ్లు వచ్చేస్తాయి.

ఒక రోజు మోపుతో గట్టు ఎక్కుతుంటే బురదలో కాలు జారింది. పడలేదు. మోపునీ పడనివ్వలేదు. దాన్ని నిలబెట్టుకోవాలని మెడ బిగబట్టి ఒక్క ఊపున పక్కకి వాలాను. లోపల ఎక్కడో టక్కుమంది. గట్టు మీదున్న ఆడవాళ్లు "కొత్త కోడలు గట్టిదేనే!" అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు విని నేను ఇంకో మోపు ఎత్తుకున్నాను.

మర్నాడు లేవబోతే తల తిరగలేదు. కుడిపక్క చూడాలంటే మనిషిని మొత్తం తిప్పాల్సి వచ్చింది. మెడ నుంచి భుజం మీదుగా మోచేతి దాకా ఏదో లాగేస్తున్నట్టుండేది.

మెడ పట్టేసిందంటే మొదట ఎవరూ పట్టించుకోరు. అందరికీ అప్పుడప్పుడు వచ్చేదే కదా. మా అత్త నా తలగడ తీసుకెళ్లి ఎండలో వేసింది. తలగడ ఎండితే మెడ వదులుతుందని నమ్మకం. వదల్లేదు. వావిలాకు మరగబెట్టిన నీళ్లు పోసింది. పోసినంతసేపూ హాయిగా ఉండి, ఒళ్లు చల్లారేసరికి మళ్లీ మొదలయ్యేది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు కాలితో తాకితే పట్టు వదులుతుందని ఎదురింటి అప్ప, నాకు అక్క వరసయ్యే ఆవిడ, చెప్పింది. ఊళ్లో అలా పుట్టినవాడు ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయనకి మోకాళ్ల నొప్పులు. కాలు పైకి లేవదు. అందుకని నన్నే నేల మీద బోర్లా పడుకోబెట్టి, ఇద్దరు ఆయన్ని రెక్కలు పట్టుకుని నిలబెట్టారు. నన్ను తాకి ఆయన "అమ్మా, నీది తగ్గితే నాకు సెప్పు, నా మోకాళ్లకి కూడా ఎవలినైనా ఎతుక్కుంటాను" అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వితే మెడ ఇంకా నొప్పెట్టింది.

నెల దాటింది. పంట ఇంటికొచ్చింది, పండగ వెళ్లిపోయింది, నా మెడ మాత్రం అలాగే ఉంది. క్రమంగా నాకు నొప్పి కంటే భయం ఎక్కువైంది. తల కదిపితే లోపల ఏదైనా తెగిపోతుందేమో అనిపించేది. మెడ చుట్టూ తుండుగుడ్డ గట్టిగా చుట్టుకుని మంచం మీద పడుకునేదాన్ని. ఎవరైనా పలకరించినా కళ్లు మాత్రమే తిప్పేదాన్ని. నీళ్లూ, దంపుళ్లూ, పశువుల పనీ అంతా మా అత్త మీదే పడింది. ఆవిడ ఏమీ అనేది కాదు. ఆ ఏమీ అనకపోవడం చూసి, నా మీద కోపంగా ఉందనుకునేదాన్ని.

మా బావ ఒక రోజు, "మెడ విరిచేవోడు ఒకడున్నాడంట, నరసన్నపేట కాడ. ఒక్క తిప్పు తిప్పితే అయిపోద్దంట. బండి కడతాను" అన్నాడు.

మా అత్త చేటలో చోళ్లు, అంటే రాగులు, చెరుగుతోంది. చెరగడం ఆపకుండానే అంది. "ఆడు విరిసీసినాక అతుకుపెట్టీవోడెవుడో కూడా సూసొచ్చినావేటి?"

"మరేటి సేద్దామంటావే అమ్మా? ఎన్నాళ్లిలాగ?"

"ఇజీనారం ఎల్దాం. పెద్దాసుపత్రికి. నానూ వస్తాను."

మాఘమాసంలో విజయనగరం వెళ్లాం. చీపురుపల్లి దాకా బండి, అక్కణ్నించి రైలు. బండిలో గడ్డి మెత్తగా పరిచి నా తల కింద మా అత్త తన చెయ్యి పెట్టింది. చక్రం గుంతలో పడినప్పుడల్లా "అమ్మా" అని నేను అరిచేదాన్ని. "మెల్లగా తోలరా" అని ఆవిడ కొడుకుని కసిరేది.

ఆసుపత్రిలో డాక్టరు పెద్ద వయసాయన. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ముందు తుండుగుడ్డ విప్పించాడు. నా చేతులు పట్టుకుని బిగించమన్నాడు, వదలమన్నాడు. మోచేతి మీద చిన్న సుత్తితో కొట్టాడు. ఫొటో తీయించాడు. దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎముక బాగుంది. నరం కాస్త నలిగింది. కండలు బిగుసుకుపోయాయి. నువ్వు ఆ గుడ్డ చుట్టుకుని కదలకుండా పడుకోవడం వల్ల ఇంకా బిగుసుకున్నాయి."

"తగ్గిపోతాదా బాబూ?" అన్నాను.

ఆయన అబద్ధం ఆడలేదు. "చాలా వరకు తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం నేను చెప్పను. వస్తూ పోతూ ఉంటుంది. మందు ఇస్తాను, అది కొద్ది రోజులు నొప్పిని అణిచిపెడుతుంది. ఈలోగా నువ్వు మెడని కదపడం నేర్చుకోవాలి. దాన్ని చూసుకోవాల్సింది ఇక నువ్వే."

నాకు ఏడుపొచ్చింది. మా అత్తకి కోపమొచ్చింది.

"ఏటి బాబూ, నొప్పి సూస్తావనీసి ఇంత దూరం నీకాడికొస్తే, మమ్మల్నే సూసుకోమంటావేటి?"

ఆయన నవ్వాడు. కోప్పడతాడేమో అని మా బావ భయపడ్డాడు గాని, ఆయన కుర్చీ మా ముందుకి జరుపుకుని కూర్చున్నాడు. కదలికలు ఒక్కొక్కటే తను చేసి చూపించాడు. గడ్డం లోపలికి లాగడం. భుజాలు చెవుల దాకా ఎత్తి వదలడం. నొప్పి మొదలయ్యే చోటు దాకా తల మెల్లగా తిప్పి, అక్కడ కాస్త ఆగి, ఊపిరి వదిలి వెనక్కి రావడం. అరచెయ్యి నుదుటికి ఆనించి, చెయ్యి ఇటు తోస్తుంటే తల అటు తోయడం. తల వెనక వేళ్లు పెనవేసి, తల బరువు చేతుల మీద వేసి మెల్లగా పైకి చూడడం. ఎత్తు తలగడ మానమన్నాడు. నెత్తి మీద బరువు చాలా కాలం వద్దన్నాడు. "నొప్పి ఉన్నంత మాత్రాన లోపల ఏదో తెగిపోతున్నట్టు కాదమ్మా. అది మనసులో పెట్టుకో" అన్నాడు.

ఇంతలో వెనక నుంచి కాంపౌండరు ఏదో అడిగితే మా అత్త అటు చూసింది. తల తిప్పలేదు. బల్ల మీద కూర్చునే మనిషి మొత్తం తిరిగింది. నేను ఎలా తిరుగుతున్నానో అచ్చం అలాగే.

డాక్టరు అది చూశాడు. "నీకెప్పట్నుంచమ్మా?" అన్నాడు.

"నాకేటి? నాకేటి నేదు" అని మా అత్త లేచి నిలబడింది.

తిరుగు రైల్లో మా బావ తలుపు దగ్గర నిలబడ్డాడు. మేమిద్దరం కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చున్నాం. బొగ్గు నుసి కళ్లలో పడుతోంది.  నేనే అడిగాను.

"అత్తా, ఆ డాక్టరు అడిగినది నిజమేనా?"

"ఏది?"

"నీకూ మెడ నొప్పున్నాదేటి?"

ఆవిడ బయటికి చూస్తూనే చెప్పింది. "మీ మావకి మసూచికం వొచ్చిన ఏడు, ఈడు సంటిగుంటడు. ఇంటికి నీళ్లూ, కళ్లానికి మోపులూ అన్నీ నానే మోసినాను. అప్పుడు పట్టినాది. మరి ఒదల్లేదు."

"ఎవలికీ సెప్పలేదేటి?"

"ఎవలికి సెప్తాను? సెప్తే తగ్గుతాదా? సెప్పకపోతే పనైనా అవుతాది."

 ఇన్ని నెలలూ నేను మంచం మీద ఉంటే ఇంటికి నీళ్లు మోసింది ఆ మెడే. రోకలి ఎత్తింది ఆ మెడే. కోపంగా ఉందని నేననుకున్న మనిషి, పళ్లు బిగించి తన నొప్పి దాచుకుంటూ ఉండేది. చెయ్యి చాపి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఊరుకోవే, అందరూ సూస్తన్నారు" అంది గాని, చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మర్నాటి నుంచి మొదలుపెట్టాం. వీధిలో ఎవరూ చూడకుండా పొద్దున్నే పశువుల సాల వెనక్కి వెళ్లేవాళ్లం. మొదట నన్ను చెయ్యమని ఆవిడ చూస్తూ నిలబడింది. "ఆయన అలాగ తిప్పలేదే, ఇంకా మెల్లగా తిప్పినాడు" అని దిద్దేది. కొన్నాళ్లకి నేను మొండికేశాను. "నువ్వు సెయ్యకపోతే నానూ సెయ్యనత్తా" అన్నాను. "ఈ వొయసులో నాకేటే ఈ ఆటలు" అంటూనే నా పక్కన నిలబడింది. గడ్డం లోపలికి లాగమంటే మొహమంతా ముడుచుకునేది. భుజాలు ఎత్తమంటే కళ్లు మూసుకునేది.

అలా ఒక రోజు ఆవిడ కళ్లు మూసుకుని, నుదుటికి చెయ్యి ఆనించి తల తోస్తుండగా, పిడకల కోసం వచ్చిన ఎదురింటి అప్ప చూసింది. వచ్చినదారినే వెనక్కి పరిగెత్తింది. మేం గమనించలేదు. కాసేపటికి పసుపు నీళ్ల చెంబూ వేపమండలూ పట్టుకుని, ఇంకో ఇద్దర్ని వెంటేసుకుని వచ్చింది.

"ఓలమ్మా తల్లీ, ఏటి కావాల నీకు? సెప్పు, ఇచ్చుకుంటాం" అని మా అత్త ముందు మోకరిల్లింది.

మా అత్త కళ్లు తెరిచి, "నాకేటి కావాల? మొన్న అట్టుకెల్లిన సేట కావాల, తెచ్చియ్యి" అంది.

నవ్వి నవ్వి నేను గోడ పట్టుకుని కూలబడ్డాను. విషయం తెలిసిపోయాక ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. అప్ప కూడా భుజం తడుముకుంటూ, "నాకూ ఇక్కడ లాగుతాది. ఆ భుజాల్ది ఎలాగ సెయ్యాలో ఓపాలి సూపియ్యండి" అంది.

నీళ్ల సంగతి ఆ వారంలోనే తేలిపోయింది. మా అత్త కొడుకుని పిలిచి, "ఒరే, మా ఇద్దరి మెడలూ పనికిరావంట. కావిడి తీ" అంది.  మర్నాడు పొద్దున్నే మా బావ కావిడికి రెండు వైపులా కుండలు తగిలించి భుజాన వేసుకుని బయల్దేరాడు. నూతి దగ్గర ఆడవాళ్లు ఊరుకుంటారా? "పెల్లాం కూకుంటే మొగుడు నీల్లు మోస్తన్నాడర్రా" అన్నారు. ఆయన "నీల్లు తాగీవోల్లలో నానూ ఉన్నాను గదా" అనేసి నడిచాడట. ఇంటికొచ్చాక ఆ మాట నాకు చెప్పలేదు. అప్ప చెప్తే తెలిసింది.

అయినా తిన్నగా తగ్గలేదు. మంచి రోజులు వచ్చేవి. తల అటూ ఇటూ తిరిగేది. ఆ హుషారులో నేను అన్నాళ్లుగా మిగిలిపోయిన పనంతా మీదేసుకునేదాన్ని. ఇల్లు అలికేసి, బట్టలు ఉతికేసి, తిరగలిలో చోళ్లు విసిరి సాయంత్రానికి విజయం సాధించినట్టు కూర్చునేదాన్ని. మర్నాడు మళ్లీ మంచమే. అలాంటి ఒక రోజు డాక్టర్ని తిట్టుకుంటూ పడుకుని ఉంటే, మా అత్త వేయించిన తవుడు మూట తెచ్చి మెడ కింద పెట్టింది.

"బాగున్న దినాన ఎద్దులాగ సేస్తావు. బాగోని దినాన సచ్చినట్టు పడుకుంటావు. ఆ మెడేటనుకోవాల? బాగున్న దినాన కూడా కొంచిం సేసి కూకో. బాగోని దినాన కూడా లేసి కొంచిం సెయ్యి."

"కూకుంటే పనెవలు సేస్తారు?"

"పనెక్కడికెల్తాదే? రేపు మనకోసం ఇక్కడే ఉంటాది."

అప్పటి నుంచి అలాగే చెయ్యడం అలవాటు చేసుకున్నాం. ఇంటి మధ్యలో నీళ్లకుండ నేల మీద ఉండేది. వంగకుండా ముంచుకోవడానికి మా బావ దానికి మట్టితో ఎత్తరుగు కట్టాడు. తిరగలి దగ్గర ఎడమచేతివైపు ఒకరం, కుడివైపు ఒకరం కూర్చుని కొంతసేపయ్యాక చోట్లు మార్చుకునేవాళ్లం. పాత చీరని పొడుగ్గా చుట్టి, మెడ ఒంపుకి సరిపోయేంత పలచటి తలగడ ఆవిడే కుట్టింది. పడుకోబోయే ముందు ఒకరి భుజాలు ఒకరం ఆముదం వేసి నొక్కుకునేవాళ్లం. అప్పుడే ఆవిడ మాటలు చెప్పేది. మామ సంగతులు, పుట్టి పోయిన ఇద్దరు ఆడపిల్లల సంగతులు. అంతకు ముందెప్పుడూ నాతో అనలేదు. కొన్ని సంగతులు చెప్తున్నప్పుడు నా వేళ్ల కింద ఆవిడ మెడ రాయిలా బిగుసుకునేది. చెప్పడం అయిపోయాక వదులయ్యేది. నా మెడ కూడా అంతేనని, పుట్టింటి బెంగ పెట్టుకున్న రోజున ఎక్కువ పట్టేస్తుందని ఆవిడే కనిపెట్టింది. ఆ రోజుల్లో పొద్దున్నే "ఇయాల ఒకసారి మీ అమ్మ కాడికెల్లి రా" అని తనే పంపేది.

నొప్పి పోయిందా అని ఇప్పటికీ కొందరు అడుగుతారు. పోలేదు. ఆ తర్వాత ముగ్గురు పిల్లల్ని ఎత్తుకుని పెంచాను. మిషను కుట్టాను, ఈ రాతలు కూడా రాస్తున్నాను. అది నాతోనే ఉంది. చలికాలం కాస్త ఎక్కువగా పలకరిస్తుంది. కానీ భయం పోయింది. భయం పోయాక నొప్పి సైజు తెలిసింది. నేననుకున్నంత పెద్దది కాదది.

మేం ఆసుపత్రికి వెళ్లొచ్చాక వచ్చిన దసరా వెళ్లాక, విజయనగరం సిరిమానోత్సవానికి వెళ్దామన్నాడు మా బావ. మా అత్త వెంటనే ఒప్పుకుంది. పైడితల్లి అమ్మవారంటే ఆవిడకి ప్రాణం. ఊరు ఊరంతా కోట వైపు నడుస్తోంది. నడిచేవాళ్లు, బండ్ల మీద వచ్చేవాళ్లు, అరుగుల మీదా మేడల మీదా నిలబడ్డవాళ్లు. ఇసకేస్తే రాలనట్టున్నారు. మా బావ మమ్మల్నిద్దర్నీ రెండు చేతుల్తో పట్టుకుని ఒక ఇంటి గోడ వారకి చేర్చాడు.

సిరిమానంటే పొడవాటి చింతమాను. దాన్ని బండికి బిగించి, ఆకాశంలోకి లేచిన చివర ఆసనం కట్టి పూజారిని కూర్చోబెడతారు. జనం మీదుగా, ఇళ్ల మీదుగా ఆ మాను ఊగుతూ వస్తుంది. కిందనుంచి అందరూ అరటిపళ్లు విసురుతారు.

దూరంగా కేక లేచింది. అందరి తలలూ పైకి లేచాయి. మా అత్త మాత్రం చేతులు జోడించి నేలకేసి చూస్తోంది.

"అత్తా, వస్తన్నాది. పైకి సూడు."

"నువ్వు సూడే. నాను దండం ఎట్టుకుంటాను, అదే సాలు. ఇన్నేళ్లూ అంతే. బండి సక్రాలూ, జనాల కాళ్లూ సూసి ఎల్లిపోతన్నాను."

ఎన్నో ఏళ్లుగా ఈ ఉత్సవానికి వస్తోందావిడ. ఒక్కసారీ సిరిమాను కొస చూడలేదు. అది నాకు అప్పుడే తెలిసింది.

"బావా, అత్త ఎనక నిలబడు" అన్నాను. ఆయనకి అర్థమైంది. వెనక గోడకి ఆనుకుని తల్లిని గుండెకి ఆనించుకున్నాడు. నేను ఆవిడ రెండు చేతులూ తీసి తల వెనక వేళ్లు పెనవేయించాను. రోజూ పొద్దున్నే సాల వెనక చేసినట్టే. "తల బరువు సేతుల మీదెయ్యి. మెల్లగా. ఊపిరి ఒగ్గు. నొప్పెట్టిన కాడ ఆగు."

ముందు ఎదురు మేడ కిటికీలు చూసింది. ఆగింది. ఊపిరి వదిలింది. మేడ మీద పిట్టగోడ చూసింది. మళ్లీ ఆగింది. సిరిమాను మా మీదికి వచ్చేసరికి ఆవిడ మొహం ఆకాశానికి ఎదురుగా ఉంది. నోరు తెరుచుకుని ఉంది. పైన పూజారి విసనకర్ర ఊపుతున్నాడు. ఒక అరటిపండు ఎవరిదో గురి తప్పి మా బావ నెత్తిన పడింది. ఆయన కదల్లేదు.

"ఓలమ్మా" అంది మా అత్త. "ఎంత పైనున్నాదే!"

కళ్లలో నీళ్లు చెంపల మీదికి కారలేదు. తల అలా వెనక్కి వాలి ఉండడం వల్ల చెవుల వైపు కారాయి. నేను కొంగుతో తుడవబోతే, "ఉండవే, అడ్డం రాకు" అంది. మాను మూడుసార్లు అటూ ఇటూ తిరిగే ఉత్సవం అది. తిరిగొచ్చిన ప్రతిసారీ చూసింది. మధ్యలో తల దించి, భుజాలు చెవుల దాకా ఎత్తి వదిలి, మళ్లీ చేతులు పెనవేసుకుని సిద్ధంగా నిలబడింది.

మర్నాడు ఇంటికి చేరాక ఆవిడ మెడ పట్టేసింది. పట్టేస్తుందని ఆవిడకీ తెలుసు. తవుడు మూట కాచి ఇచ్చాను. అది మెడకి పెట్టుకుని వీధి అరుగు మీద కూర్చుంది. ఆ పూటంతా దారిన పోయేవాళ్లని ఒక్కొక్కర్నీ పిలిచి, పూజారి కట్టుకున్న పట్టుబట్ట అంచు దగ్గర నుంచి మొదలెట్టి చూసిందంతా చెప్పింది.